హైఫన్ దగ్గర కోయండి, బరువు మాత్రం విగ్రహవాక్యంలో వెతకండి

విజయనగరంలో కోట జంక్షన్ నుంచి గంటస్తంభం దాకా నడుస్తూ బోర్డులు చదవండి. సెకండ్-హ్యాండ్ బైకులు, రెడీ-మేడ్ షర్టులు, ఎక్స్-రే, చెక్-అప్, షుగర్-ఫ్రీ స్వీట్లు, పార్ట్-టైమ్ ఉద్యోగాలు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో నిలబడినా ఇవే కనిపిస్తాయి. ఇవన్నీ మధ్యలో అడ్డగీత పెట్టుకుని రెండు మూడు మాటలు ఒక్కటైన ఇంగ్లీషు సమాసాలు. తెలుగు వాక్యంలో వీటిని తెలుగు మాటల్లాగే పలుకుతాం. అందులో తప్పేమీ లేదు. పేపర్లో ‘పోస్టుమార్టం’ అని రాస్తే అది తెలుగు మాటే, దాన్ని దిద్దే పని ఎవరికీ లేదు.

చిక్కు ఎక్కడంటే, ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కూడా అదే పలుకుబడి నోటికి వచ్చేస్తుంది. ఇంటర్వ్యూలోనో ఫోన్లోనో అవతలివాళ్లు ‘ఏమిటీ?’ అని రెండోసారి అడిగారంటే మన గ్రామర్ తప్పిందని అనుకుంటాం. చాలాసార్లు గ్రామర్ బాగానే ఉంటుంది. మూడు సిలబుల్స్, అంటే ఒక్కో అచ్చుతో ఒక్క ఊపున పలికే ముక్కలు, ఉన్న మాటను అయిదు చేసి ఉంటాం, లేదా ఊనిక, అదే స్ట్రెస్, పడకూడని చోట పడి ఉంటుంది. బీఎడ్, డీఎడ్ ఇంగ్లీషు మెథడాలజీలో సిలబుల్, స్ట్రెస్ చదువుకున్నవాళ్లు కూడా మామూలు మాటల దాకా బాగానే చేసి, హైఫన్ మాట రాగానే ఆగిపోతారు. రెండు ముక్కలకీ సొంత స్ట్రెస్ ఉంది కదా, ఏది పెద్దది? పని అంతా ఆ ప్రశ్న దగ్గరే.

ముందు గుర్తుల సంగతి. ఇక్కడ సిలబుల్‌కీ సిలబుల్‌కీ మధ్య చుక్క పెడతాను. ప్రధానమైన ఊనిక పడే సిలబుల్‌కి ముందు, పైన, చిన్న గీత పెడతాను. డిక్షనరీల్లో కూడా ఆ గీత సిలబుల్‌కి ముందే వస్తుంది. చిన్న ఊనికకైతే గీత కింద వైపు ఉంటుంది. గీత తర్వాత వచ్చేదే బరువైన సిలబుల్. గీతకు ముందున్నది బరువైనదనుకుని చదివేవాళ్లు చాలామంది, పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే.

సిలబుల్స్ లెక్క తెలుగువాళ్లకు కష్టం కాకూడదు. పద్యానికి గురువులు, లఘువులు గుర్తించినవాళ్లకు అసలే కాకూడదు. పొల్లు హల్లు విడిగా నిలబడదు, ముందున్న అక్షరంతో కలిసి దాన్ని గురువు చేస్తుంది. అదే సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. ఎన్ని అచ్చు ధ్వనులు వినిపిస్తే అన్ని సిలబుల్స్. పొల్లు ఎన్ని ఉన్నా లెక్కకు రావు. ‘సెల్ఫ్’లో ల, ఫ రెండూ పొల్లులే, కాబట్టి ఒక్క సిలబుల్. ‘ఎక్స్’ ఒకటి. ‘టెక్స్ట్’లో చివర మూడు హల్లులున్నా అదీ ఒకటే.

ఒక్క తేడా మాత్రం చూసుకోవాలి. పద్యంలో ‘భక్తి’ని భ, క్తి అని రాతను బట్టి విడదీసి, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు అంటాం. నోటిలో అయితే అది భక్, తి. ఇంగ్లీషు సిలబుల్ విభజన నోటి ప్రకారం జరుగుతుంది. తెలుగు లిపిలో ఇంగ్లీషు మాట రాసుకుని, వత్తు ఎక్కడుందో చూసి కోస్తే తప్పు వస్తుంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకున్నది సవరల నోట విని. ఆ భాషకు అప్పటికి రాత లేదు కాబట్టి చెవినే నమ్ముకుని ధ్వనులు గుర్తించి రాశారు. ఇంగ్లీషు సిలబుల్స్‌కీ అదే పద్ధతి నప్పుతుంది. స్పెల్లింగ్ మూసిపెట్టి విన్నది లెక్కపెట్టండి.

గడ్డం కింద అరచెయ్యి పెట్టుకుని, దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని సిలబుల్స్ అని చాలాచోట్ల నేర్పిస్తారు. మొదటి వారానికి మంచిదే. కానీ బలహీనమైన అచ్చుల దగ్గర అది మోసం చేస్తుంది. ‘కాన్ఫిడెన్స్’లో ‘ఫి’ దగ్గర దవడ కదిలీ కదలనట్టుంటుంది, మూడుకి బదులు రెండే లెక్కకొస్తాయి. దానికన్నా బల్ల మీద వేలితో కొట్టడం నయం. సిలబుల్‌కి ఒక దెబ్బ. తర్వాత అదే మాటను మళ్లీ కొడుతూ ఊనిక ఉన్న చోట గట్టి దెబ్బ వెయ్యాలి. తప్పెటగుళ్లు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గుండెల మీద తప్పెట మీద దెబ్బలన్నీ ఒకే బరువుతో పడితే ఆట నడవదు.

ఇప్పుడు కోత. హైఫన్ మాట కనబడగానే ముందు హైఫన్ దగ్గర విడగొట్టండి. తర్వాత ఒక్కో ముక్కనీ విడి మాటలా చూసి సిలబుల్స్ చెయ్యండి. ‘కమాండర్-ఇన్-చీఫ్’ మూడు ముక్కలు. మొదటిది క·మాన్·డర్, మిగతావి ఒక్కోటి. మొత్తం 5. ‘వైస్-ఛాన్సలర్’ వైస్, ఛాన్·స·లర్, మొత్తం 4. ‘సెవెంటీ-సెవెన్’ సె·వన్·టి, సె·వన్, మొత్తం 5. రాతలో హైఫన్ ఉన్నచోట సిలబుల్ హద్దు తప్పకుండా ఉంటుంది కాబట్టి కాగితం మీద ఈ కోత ఎప్పుడూ సరైనదే.

నోటిలో ఆ హద్దు కొంచెం జరుగుతుంది. ‘చెక్-అప్’ కాగితం మీద చెక్·అప్, గబగబా అంటే చె·కప్. మొదటి ముక్క హల్లుతో ముగిసి రెండోది అచ్చుతో మొదలైతే ఆ హల్లు అవతలి గట్టుకు దాటుతుంది. ‘మదర్-ఇన్-లా’లో ర కూడా అంతే. బ్రిటిష్ పలుకుబడిలో ‘మదర్’ విడిగా ఉంటే చివరి ర వినబడదు. వెనక ‘ఇన్’ ఉంది కాబట్టి ఇక్కడ బయటపడి మ·ద·రిన్·లా అవుతుంది. సంఖ్య మాత్రం మారదు, 4 అంటే నాలుగే. పరీక్షలో కోత అడిగితే హైఫన్ దగ్గరే కోయండి, మాట్లాడేటప్పుడు హల్లును దాటనివ్వండి.

సంఖ్య పెరిగిపోయేది మన అలవాటు వల్ల. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. బస్ బస్సవుతుంది, పెన్ పెన్నవుతుంది. హైఫన్ మాటలో రెండు చివరలు ఉంటాయి కాబట్టి ఈ ఉకారం రెండుసార్లు దూరుతుంది. ‘పార్ట్-టైమ్’ అసలు 2 సిలబుల్స్. ‘పార్టుటైము’ అంటే 4. ‘పోస్ట్-మార్టమ్’ ఇంగ్లీషులో పోస్ట్·'మార్·టమ్, 3. ‘పోస్టుమార్టం’లో 4. సగం తంటా మధ్యలో దూరిన ఆ ఉకారమే.

దాన్ని తీసెయ్యడానికి మన దగ్గరే మందుంది: ద్విత్వం. ‘హోమ్-మేడ్’లో మ పక్కన మ ఉంది. ‘హోము మేడు’ అనకుండా ‘అమ్మ’లో మ్మ పలికినట్టు పెదవులు ఒక్కసారి మూసి, కొంచెం ఆపి, ఒక్కసారే తెరవాలి. ‘పార్ట్-టైమ్’లో ట పక్కన ట. ‘పట్టు’ అనేటప్పుడు నాలుక ఎలా అంటుకుని ఆగి విడుస్తుందో అలాగే. ద్విత్వం లేని భాషల వాళ్లు ఈ ఆగడం నేర్చుకోవడానికి అవస్థ పడతారు, మనకు పుట్టుకతో ఉంది. వేరు వేరు హల్లులు కలిసినచోట కూడా ఇదే ఉపాయం. ‘సెల్ఫ్-హెల్ప్’లో ఫ దగ్గర గాలి వదులుతూనే హ లోకి వెళ్లిపోవాలి, మధ్యలో గొంతు మోగకూడదు. గొంతు మీద వేలు పెట్టి చూడండి. ఫ్ దగ్గర అదిరిందంటే ఉకారం దూరినట్టే.

రెండు అచ్చులు ఎదురుపడితే ఇంకో రకం నష్టం, ఈసారి సిలబుల్ తగ్గుతుంది. ‘కో-ఆపరేటివ్’ చూడండి. కో·'ఆ·ప·ర·టివ్, 5 సిలబుల్స్, ఊనిక ‘ఆ’ మీద. మన నోట్లో అది ‘కోపరేటివ్’. కో·ప·రే·టివ్, నాలుగే, పైగా బరువు ‘రే’ మీదకు పోయింది. అచ్చుకి అచ్చు ఎదురైతే సంధి చేసెయ్యడం మన నోటి పని. ఇక్కడ సంధి చేస్తే, ఊనిక ఉండాల్సిన సిలబులే మింగుడుపడిపోతుంది. అసలు ఈ మాటకు పాతరోజుల నుంచీ హైఫన్ పెట్టిందే ఆ రెండు అచ్చులూ వేరని చూపించడానికి. ‘కో-ఎడ్యుకేషన్’ కూడా అంతే. కో·ఎ·డ్యు·'కే·షన్, 5. సంధి చెయ్యకండి, ఆగమం తెచ్చుకోండి. ముందున్న అచ్చు ఓ, ఊ అయితే మధ్యలో సన్నగా వ వస్తుంది. ఇ, ఈ, ఐ అయితే సన్నగా య వస్తుంది. ‘బై-ఎలక్షన్’లో మనం బైయెలక్షన్ అనడం ఇంగ్లీషు పద్ధతికి దగ్గరగానే ఉంది. దానికి ప్రధాన ఊనిక మొదట: 'బై·ఇ·లెక్·షన్.

‘ఎడ్’తో ముగిసే మాటలు విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే హైఫన్ విశేషణాల్లో ఇవి గుంపులుగా ఉంటాయి. ట, డ ధ్వని తర్వాత వస్తేనే ‘ఎడ్’ సిలబుల్ అవుతుంది. మిగతా చోట్ల పొల్లే. ‘లెఫ్ట్-హ్యాండెడ్’లో డ తర్వాత వచ్చింది, కాబట్టి లెఫ్ట్·'హ్యాన్·డిడ్, 3. ‘ఓపెన్-మైండెడ్’ ఓ·పన్·'మైన్·డిడ్, 4. ‘ఓల్డ్-ఫ్యాషన్డ్’లో న తర్వాత వచ్చింది, కాబట్టి ఓల్డ్·'ఫ్యా·షన్డ్, 3 మాత్రమే. ‘బ్యాడ్-టెంపర్డ్’ 3. ‘వెల్-డ్రెస్డ్’ రెండే రెండు, దాన్ని ‘వెల్ డ్రెస్సెడ్’ అంటే మూడవుతుంది. ‘ఫోర్-లెగ్డ్’లో ఆ సూత్రం తప్పి ‘లెగిడ్’ అని కూడా పలుకుతారు. అలాంటివి కొద్దే.

ఇక బరువు సంగతి.

ఊనిక అంటే గట్టిగా అరవడం కాదు. స్వరం కొంచెం పైకి లేవాలి, అచ్చు కొంచెం సాగాలి, పక్కనున్న సిలబుల్స్ పొట్టిగా, మసకగా తగ్గాలి. మనవాళ్లు మొదటి రెండూ చేసి మూడోది వదిలేస్తారు. తెలుగులో ఏ అక్షరమూ మసకబారదు, హ్రస్వం హ్రస్వంలా, దీర్ఘం దీర్ఘంలా స్పష్టంగా ఉంటాయి. ఇంగ్లీషులో బరువు లేని సిలబుల్ అచ్చు పోగొట్టుకుని పొట్టి అకారంలాగానో ఇకారంలాగానో మిగులుతుంది. ‘రెడీ’నే చూడండి. మనం దీర్ఘం ‘డీ’ మీద పెట్టాం. ఇంగ్లీషులో అది 'రె·డి, బరువు రె మీద, డి పొట్టి. ‘రెడీ-మేడ్’ అంటే రె·డి·'మేడ్. దీర్ఘం తప్పు చోట ఉంటే వినేవాడి చెవి ఊనిక అక్కడే ఉందనుకుంటుంది.

సమాసంలో ప్రధాన ఊనిక ఏ ముక్కకు వెళ్తుందో తేల్చడానికి నమ్మదగ్గ దారి విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విప్పి చెప్పే వాక్యం. తెలుగు క్లాసులో సమాసం పేరు చెప్పి విగ్రహవాక్యం రాసినట్టే, ఈ ఇంగ్లీషు మాటకూ మనసులో తెలుగులో విగ్రహవాక్యం చెప్పుకోండి. ముక్కల మధ్య సంబంధం తెలిస్తే ఊనిక చాలావరకు దొరుకుతుంది.

మొదటి ముక్క రెండో ముక్కలోని పనికి కర్మ అయితే, అంటే ‘ను’ పెట్టి చెప్పగలిగితే, ఊనిక మొదటి ముక్క మీద. ‘టైమ్-కన్స్యూమింగ్’, కాలాన్ని తినేది. 'టైమ్·కన్·స్యూ·మింగ్. ‘ఇంగ్లీష్-స్పీకింగ్’, ఇంగ్లీషును మాట్లాడే. 'ఇం·గ్లిష్·స్పీ·కింగ్. ‘రికార్డ్-బ్రేకింగ్’, రికార్డును బద్దలుకొట్టే. ఇది 'రె·కార్డ్·బ్రే·కింగ్. నామవాచకంగా ఈ మాట ‘రె’తో, ఆ రె మీద బరువుతో మొదలవుతుంది. మనం ఎప్పుడూ అనే ‘రికార్డ్’ ఇంగ్లీషులో క్రియారూపం.

అదే ‘ఇంగ్’ ఉన్నా మొదటి ముక్క కర్మ కాకపోతే బరువు రెండో ముక్కకు పోతుంది. ‘గుడ్-లుకింగ్’లో మంచిని చూడటం లేదు, చూడ్డానికి బాగుండటం. గుడ్·'లు·కింగ్. ‘హార్డ్-వర్కింగ్’, కష్టపడి పనిచేసే. హార్డ్·'వర్·కింగ్. ఈ రెంటి తేడా పట్టుకుంటే ‘ఇంగ్’ మాటల్లో ఎక్కువ భాగం చేతికొచ్చినట్టే.

బహువ్రీహి అయితే, అంటే ‘ఫలానాది కలవాడు’ అని విప్పగలిగితే, రెండో ముక్క. దయగల హృదయం కలవాడు, కైండ్·'హార్·టిడ్. ఎడమచేతివాటం వాడు, పాతకాలపు తీరు ఉన్నవాడు అని పైన చూసినవన్నీ ఈ కోవే. సంఖ్య ముందుండే ద్విగువు కూడా రెండో ముక్కకే బరువిస్తుంది. రోజూ వాడే ‘టూ-వీలర్’, టూ·'వీ·లర్. మనం టూ ని లాగి వీలర్‌ని మింగేస్తాం. ద్వంద్వమైనా చివరికే. ‘బిటర్-స్వీట్’, చేదూ తీపీ, బి·టర్·'స్వీట్. ‘ఆంగ్లో-ఇండియన్’, ఆం·గ్లో·'ఇం·డి·యన్. చివర గుణవాచకం ఉండి, మొదటి ముక్క దాన్ని వివరిస్తున్నా రెండో ముక్కే. లోకంలో ప్రసిద్ధి పొందిన, వరల్డ్·'ఫే·మస్. పన్ను లేని, డ్యూ·టి·'ఫ్రీ. చక్కెర లేని, షు·గర్·'ఫ్రీ. వాడుకరికి అనువైన, యూ·జర్·'ఫ్రెండ్·లి.

ఈ సమాసాల కిటుకు పట్టుగొమ్మే తప్ప శాసనం కాదు. పేర్లు తెలుగు వ్యాకరణానివి, అలవాటు ఇంగ్లీషువాళ్లది. అనుమానం వస్తే డిక్షనరీలో గీత చూడండి.

క్రియ నుంచి పుట్టిన నామాలు వేరే తెగ, ఇక్కడ తెలుగు సమాసం సాయపడదు. ‘టేక్ ఆఫ్’ క్రియగా ఉంటే రెండు మాటలు, హైఫన్ ఉండదు, బరువు చివర: టేక్ 'ఆఫ్. అదే ‘టేక్-ఆఫ్’ అని నామం అయితే బరువు మొదటికి జరుగుతుంది: 'టేక్·ఆఫ్. ‘చెక్ ఇన్’ చెయ్యడం చివర బరువు, ‘చెక్-ఇన్’ కౌంటర్ మొదట బరువు. చెక్-అప్, ఫాలో-అప్, బ్రేక్-అప్ అన్నీ ఇదే బండి. భోగాపురం ఎయిర్‌పోర్టు ఉద్యోగాల మీద కన్నేసి ఇంగ్లీషుకు సాన పెట్టుకుంటున్నవాళ్లు ఈ జంటలు పగలూ రాత్రీ సాధన చెయ్యాలి. అక్కడ రోజూ నోట్లో నానే మాటలివి.

దీనికి పూర్తిగా తలకిందులు ‘అర్’ చేరిన నామాలు. ‘పాసర్-బై’, దారినపోయేవాడు. పా·స·'బై, బరువు చివర. ‘రన్నర్-అప్’, ర·న·'రప్, చివర. మనవాళ్లు క్రీడల్లో ‘రన్నర్’ని ఊది ‘అప్’ని వదిలేస్తారు. బహువచనం చేస్తే ఎస్ చేరేది మొదటి ముక్కకు, పాసర్స్-బై, రన్నర్స్-అప్. సిలబుల్స్ మాత్రం 3 నుంచి కదలవు.

మొదటి ముక్క ఒంటరి ఇంగ్లీషు అక్షరం అయితే దాదాపు ఎప్పుడూ బరువు మొదటే. 'టీ-షర్ట్, 'యూ-టర్న్, 'ఎక్స్-రే. ఇందులో చెప్పడానికి ఇంకేమీ లేదు.

ముందు ఉపసర్గలాంటి ముక్క ఉంటే, అంటే సెల్ఫ్, ఎక్స్, వైస్, సబ్, సెమీ లాంటివి ఉంటే, ఆ ముక్కకు చిన్న ఊనిక, అసలు మాట తన ఊనికను తన దగ్గరే ఉంచుకుంటుంది. సెల్ఫ్·'కాన్·ఫి·డన్స్. సెల్ఫ్·రి·'స్పెక్ట్. సె·మి·'ఫై·నల్. వైస్·'ఛాన్·స·లర్. మన వైపు ప్రతి ఊళ్లోనూ మిలటరీలో చేసి వచ్చినవాళ్లుంటారు కాబట్టి ‘ఎక్స్-సర్వీస్‌మన్’ అందరికీ తెలిసిన మాట. ఎక్స్·'సర్·విస్·మన్, 4. ‘వీ’ అని దీర్ఘం తీస్తే బరువు అక్కడికి పారిపోతుంది.

‘సబ్-ఇన్‌స్పెక్టర్’ని దగ్గరగా చూద్దాం, ఇందులో అన్ని చిక్కులూ ఒక్కచోట ఉన్నాయి. హైఫన్ దగ్గర కోస్తే సబ్, ఇన్‌స్పెక్టర్. రెండో ముక్కలో అచ్చులు మూడు: ఇ, ఎ, చివరి మసక అ. కాబట్టి మొత్తం 4. ఎక్కడ కొయ్యాలి? తెలుగు చెవికి ఇన్స్·పెక్·టర్ అనిపిస్తుంది. ఇంగ్లీషు నోట్లో స, ప రెండూ కలిసి తర్వాతి సిలబుల్‌కి వెళ్తాయి: ఇన్·స్పెక్·టర్. ఊనిక ఆ ‘స్పెక్’ మీద. పల్లెల్లో పాతవాళ్లు ‘ఇనస్పెట్రు’ అనేది న ను ఈ స్ప గుంపు నుంచి విడగొట్టి, మధ్యలో అచ్చు దూర్చడం వల్లే. ఇప్పుడు ముక్కల్ని కలపండి. సబ్ చివరి బ అచ్చు మీదకు దాటుతుంది: స·బిన్·'స్పెక్·టర్. బల్ల మీద నాలుగు దెబ్బలు, మూడోది గట్టిది, మొదటిది కొంచెం గట్టిది, రెండూ నాలుగూ ఊరికే తాకి వదిలేవి. ‘సబ్బు’ అన్నారా, అయిదో దెబ్బ వచ్చి తాళం తప్పింది.

మూడు నాలుగు ముక్కల మాటల్లో మధ్యనున్న టు, ఆఫ్, ఇన్ లాంటివి ఎప్పుడూ బలహీనం. అప్·ట·'డేట్, ఫేస్·ట·'ఫేస్, మ్యా·ట·రవ్·'ఫ్యాక్ట్, వీటన్నిటికీ బరువు ఆఖరి ముక్క మీద. క·మాన్·డ·రిన్·'చీఫ్ కూడా. కానీ ‘ఇన్-లా’ బంధుత్వాలకు మొదటే: 'మ·ద·రిన్·లా, 'సి·స్ట·రిన్·లా. అత్తగారని చెబుతూ ‘లా’ మీద బలం వేస్తే, వినేవాడికి చట్టం గుర్తొస్తుంది. ‘మెరీ-గో-రౌండ్’కీ మొదటే, 'మె·రి·గో·రౌండ్. ‘ఫర్‌గెట్-మీ-నాట్’ అనే పువ్వు పేరులో మొదటి ముక్క లోపలి ఊనికే నిలుస్తుంది: ఫ·'గెట్·మి·నాట్.

ఇంతవరకూ నేర్చుకున్నవాళ్లను కూడా తికమకపెట్టేది బరువు జరగడం. రెండో ముక్క మీద ఊనిక ఉన్న విశేషణం వాక్యం చివర ఒకలా, నామవాచకం ముందు ఇంకోలా వినిపిస్తుంది. పొందూరు ఖాదీ గురించి చెబుతూ ‘ఈ గుడ్డ హ్యాండ్-వోవన్’ అంటే హ్యాండ్·'వో·వన్, బరువు వో మీద. ‘హ్యాండ్-వోవన్ క్లాత్’ అనగానే బరువు ముందుకు జరిగి 'హ్యాండ్·వో·వన్ 'క్లాత్ అవుతుంది. ఎందుకంటే ‘వో’, ‘క్లాత్’ రెండు గట్టి దెబ్బలు మరీ దగ్గరపడితే ఇంగ్లీషు లయ ఒప్పుకోదు. మధ్యలో ఎడం కోసం మొదటి ముక్కలో నిద్రపోతున్న చిన్న ఊనిక పెద్దదవుతుంది. డ్వాక్రా సంఘాల గురించి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ‘సెల్ఫ్-హెల్ప్’ ఒంటరిగా సెల్ఫ్·'హెల్ప్, ‘గ్రూప్’ చేరితే 'సెల్ఫ్·హెల్ప్ 'గ్రూప్. తుఫాను హెచ్చరికల్లో వినే ‘లో-లైయింగ్’ కూడా అంతే. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటిన రోజుల్లో ఇంగ్లీషు వార్తల్లో మోగిన మాట ఇది. లో·'లై·యింగ్, 3 సిలబుల్స్. ‘ఏరియాస్’ ముందు 'లో·లై·యింగ్ 'ఏ·రి·యాస్. సెకండ్-హ్యాండ్, పార్ట్-టైమ్, వెల్-నోన్, రెడీ-మేడ్ అన్నీ ఇలా జరిగేవే. డిక్షనరీలో ఒకటి చూసి, వీడియోలో ఇంకోటి విని, రెండింట్లో ఏది తప్పని తలపట్టుకోనక్కర్లేదు. పక్కన నామవాచకం ఉందా లేదా చూడండి.

మొదటి ముక్క మీదే ఊనిక ఉన్న ‘టైమ్-కన్స్యూమింగ్’ లాంటివి మాత్రం ఎక్కడ పెట్టినా కదలవు.

అంకెల్లో ఇదే జరుగుతుంది, కాకపోతే ఇక్కడ పొరపాటుకు డబ్బులు పోతాయి. 21 నుంచి 99 దాకా ఇంగ్లీషులో అక్షరాలతో రాసేటప్పుడు పదుల మాటకీ ఒకట్ల మాటకీ మధ్య హైఫన్ ఉంటుంది. ఊనిక ఒకట్ల మీద: ట్వెన్·టి·'ఫైవ్. ‘ట్వెంటీ-ఫైవ్ పేజెస్’ అంటే ముందుకు జరుగుతుంది. ఎవరైనా ఇరవై అయిదా, ముప్పై అయిదా అని అడిగితే తేడా ఉన్నది పదుల్లో కాబట్టి అక్కడే బరువు వేసి చెప్పాలి. పదుల మాటలో ‘టి’ ఎప్పుడూ పొట్టి, ఎప్పుడూ బలహీనం. మనం ‘థర్టీ’ అని దీర్ఘం తీస్తాం. ఇంగ్లీషు చెవికి చివర బరువున్న దీర్ఘం ‘థర్టీన్’ గుర్తు. ఫోన్లో ‘థర్టీ-నైన్’ అంటే థర్టీన్, నైన్ అని రెండు అంకెలుగా రాసుకునే ప్రమాదం ఉంది. 'థర్·టి అని మొదటిదాన్ని లేపి రెండోదాన్ని కోసేస్తే ఆ గందరగోళం ఉండదు. ఫార్టీ, ఫిఫ్టీ, సిక్స్‌టీ, నైంటీ అన్నిటికీ ఇదే జాగ్రత్త.

ఒక మాట హైఫన్‌తో ఉందా, విడిగా ఉందా, అతుక్కుందా అన్నదాన్ని బట్టి ఊనిక ఊహించకండి. హైఫన్ కంటి కోసం, పైగా నిలకడ లేనిది. నూరేళ్ల కిందటి ఇంగ్లీషు పుస్తకాల్లో టు-డే, టు-మారో అని హైఫన్ పెట్టి అచ్చేసేవారు. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ ఆరో కూర్పులో దాదాపు 16,000 మాటల నుంచి హైఫన్ తీసేశారు. కొన్ని రెండు మాటలయ్యాయి, కొన్ని ఒక్కటైపోయాయి. పలుకుబడి మారలేదు. దేశాన్ని బట్టి తేడా మాత్రం ఉంటుంది. ‘వీకెండ్’కి బ్రిటిష్‌లో బరువు చివర, అమెరికన్‌లో మొదట. ‘ఐస్-క్రీమ్’ రెండు రకాలుగానూ వింటాం. ఇలాంటి మాట పరీక్షలో వస్తే మీ పాఠ్యపుస్తకం ఏ పలుకుబడిని అనుసరిస్తుందో అదే రాయాలి.

డీటీపీ చేసేవాళ్లకూ, దరఖాస్తులు టైపు చేసేవాళ్లకూ ఇంకో అవసరం ఉంటుంది. పంక్తి చివర మాట పట్టకపోతే ఎక్కడ విరవాలి? హైఫన్ ఉన్న మాటను ఆ హైఫన్ దగ్గరే విరవండి. సెల్ఫ్-కాన్ఫిడెన్స్‌ని ‘సెల్ఫ్-కాన్’ దాకా ఒక పంక్తిలో, మిగతాది కింద పంక్తిలో పెడితే మాటలో రెండు హైఫన్లు పడతాయి. చదివేవాడికి ఏది అసలుదో, ఏది పంక్తి కోసం పెట్టిందో తెలియదు. డిక్షనరీ మాటల మధ్య పెట్టే చుక్కలు కూడా చాలా వాటిలో ఈ విరుపు కోసమే, ఉచ్చారణ కోసం కాదు. అమెరికన్ పద్ధతి పలుకును చూసి విరుస్తుంది, బ్రిటిష్ పద్ధతి మాట పుట్టుకను ఎక్కువగా చూస్తుంది. అందుకే ‘నాలెడ్జ్’ లాంటి మాటను ఒకరు ఎల్ తర్వాత, ఇంకొకరు ఎల్‌కి ముందు విరుస్తారు. సిలబుల్స్ లెక్కకు ఆ చుక్కల్ని నమ్మకండి. పక్కనే ఉచ్చారణ రాసి ఉంటుంది, అందులో అచ్చులు లెక్కపెట్టండి.

సాధనకు ఆరు మాటలు ఇస్తున్నాను, ముందు మీరే కోసి బల్ల మీద కొట్టి చూడండి: ఎడిటర్-ఇన్-చీఫ్, షార్ట్-సైటెడ్, ఎకో-ఫ్రెండ్లీ, సెల్ఫ్-ఎంప్లాయిడ్, హెయిర్-రేజింగ్, గో-బిట్వీన్. జవాబులు వరసగా: ఎ·డి·ట·రిన్·'చీఫ్, 5. షార్ట్·'సై·టిడ్, 3, ఎందుకంటే ట తర్వాత ఎడ్ వచ్చింది. ఈ·కో·'ఫ్రెండ్·లి, 4. సెల్ఫ్·ఇం·'ప్లాయ్డ్, 3, ఇక్కడ ఎడ్ పొల్లు. 'హెర్·రే·జింగ్, 3, వెంట్రుకల్ని నిక్కబొడిపించేది కాబట్టి బరువు మొదట. 'గో·బి·ట్వీన్, 3. మధ్యవర్తి అనే ఈ ఆఖరి మాటను చాలామంది చివర బరువుతో అంటారు. ‘బిట్వీన్’ విడిగా ఉన్నప్పుడు బరువు ‘ట్వీన్’ మీదే కాబట్టి ఆ పొరపాటు రావడం సహజం, కానీ సమాసంలో పెద్ద దెబ్బ ‘గో’ది.